వైన్స్ వేరు, వైన్ వేరు: ఫ్రెంచ్ విందులో ఏది ఎందుకు జరుగుతుంది

క్లుప్తంగా: ఫ్రెంచ్ పద్ధతి రెస్టారెంట్‌లో వైన్ భోజనానికి ముందు తాగే మందు కాదు, భోజనంతో కలిసి నడిచే పదార్థం. వంటకాలు ఒకటొకటిగా రావడానికి, గ్లాసులో కొంచెమే పోయడానికి, ముందు ఒకరి చేత రుచి చూపించడానికి విడివిడి కారణాలున్నాయి. అవి తెలియకపోవడం వల్లే ఎక్కువ డబ్బు పోతుంది, ఎక్కువ మొహమాటం కలుగుతుంది. బిల్లులో పన్నులు, తిరుగు ప్రయాణం కూడా ముందే లెక్క చూసుకోవాలి.

పెళ్లిరోజుకో, అమ్మానాన్నల పాతికేళ్ల వేడుకకో, కొడుకు ఉద్యోగంలో చేరిన సంతోషానికో నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి నుంచి హైదరాబాద్ వెళ్లి తిని రావడం ఇప్పుడు మామూలైంది. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా రాజధాని సుమారు వంద కిలోమీటర్లే. బిర్యానీ హోటల్‌లో ఎవరికీ సందేహం రాదు. ఫ్రెంచ్ పేర్లున్న మెనూ, దానికి తోడు విడిగా వైన్ల పుస్తకం చేతికి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఇందులో సగం భాష వల్ల వచ్చిన చిక్కు.

మాట దగ్గరే మొదలయ్యే తికమక

తెలంగాణలో ఏ ఊరి సెంటర్‌లోనైనా ‘వైన్స్’ అని బోర్డు ఉంటుంది. లోపల అమ్ముడుపోయేది ప్రధానంగా బీరు, విస్కీ, బ్రాందీ. అసలు వైన్ ఏదో ఒక అరలో నాలుగు సీసాలుంటే ఉంటుంది. దాంతో వైన్ అనే మాటకు ‘మందు’ అనే అర్థం స్థిరపడింది. మన దావత్‌లో చుక్క, ముక్క ముందు నడుస్తాయి, బువ్వ చివర వస్తుంది. అదే లెక్కతో వెళ్లినవారు ఫ్రెంచ్ టేబుల్ దగ్గర సీసా మొత్తం మొదటి అరగంటలోనే ముగించేస్తారు. అసలు వంటకం వచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉంటుంది.

వైన్‌కు నిజమైన చుట్టం విస్కీ కాదు, కల్లు. రెండూ పులిసి తయారయ్యేవే, బట్టీ పెట్టి దించేవి కావు. తాటిగెల గీసి లొట్టి కట్టిన క్షణం నుంచే గాలిలోని, లొట్టిలోని ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చడం మొదలుపెడుతుంది. అందుకే పొద్దున తీయగా ఉన్న కల్లు సాయంత్రానికి పుల్లబడుతుంది. స్వచ్ఛమైన కల్లులో ఆల్కహాల్ 4, 5 శాతం దాకా ఉంటుంది. వైన్ ద్రాక్షలో చక్కెర ఎక్కువ, 20 నుంచి 25 శాతం. అందువల్ల వైన్‌లో ఆల్కహాల్ 12 నుంచి 14 శాతానికి చేరుతుంది. ఆ ఆల్కహాల్, ద్రాక్షలోని సహజమైన పులుపు, గాలి సోకని సీసా కలిసి దాన్ని ఏళ్ల తరబడి కాపాడతాయి. మూత తీశాక మాత్రం కల్లును పుల్లబరిచే రకం బ్యాక్టీరియా దీన్నీ పట్టుకుంటుంది. వెనిగర్ అనే మాటకు మూలమైన ఫ్రెంచ్ పదానికి అర్థం ‘పులిసిన వైన్’ అనే.

ఇక్కడ ఒక లెక్క చాలామంది గమనించరు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం, అంటే 77 మిల్లీలీటర్లు. 13 శాతం ఉన్న 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలో 97.5 మిల్లీలీటర్లు. ‘వైనే కదా, ద్రాక్షరసం లాంటిది’ అనుకుని ఒక్కరే సీసా తాగితే క్వార్టర్ కంటే ఎక్కువే లోపలికి వెళ్తుంది. ఇద్దరికి ఒక సీసా, లేదంటే తలా రెండు గ్లాసులు, రెండున్నర గంటల భోజనానికి సరిపోతాయి. 150 మిల్లీలీటర్ల చొప్పున సీసాకు అయిదు గ్లాసులు వస్తాయి. 375 మిల్లీలీటర్ల సగం సీసాలు కూడా కొన్నిచోట్ల ఉంటాయి, అడగాలి.

విస్తరి ఒకేసారి, ప్లేట్లు ఒకటొకటి

విస్తట్లో పప్పు, కూర, పచ్చడి, స్వీటు అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. ఏది ముందో ఏది వెనుకో తినేవారి చేతిలో ఉంటుంది. ఫ్రాన్స్‌లో కూడా 19వ శతాబ్దం దాకా ఇంచుమించు ఇదే పద్ధతి. పెద్దల విందుల్లో పదుల కొద్దీ పాత్రలు ఒకేసారి బల్ల మీద పరిచేవారు. ఒక వంటకం తర్వాత మరొకటి తెచ్చి వడ్డించే తీరు రష్యా నుంచి ఆ శతాబ్దంలో పారిస్‌కు చేరింది. ఇవాళ ‘ఫ్రెంచ్ పద్ధతి’ అని ప్రపంచమంతా అనుకునేదాన్ని ఫ్రెంచివారే ‘రష్యన్ వడ్డన’ అంటారు. 2010లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చిన ఫ్రెంచ్ భోజనంలో ఈ వరుసే ఉంది: ముందుగా ఒక పానీయం, తర్వాత తొలి వంటకం, చేప లేదా మాంసం కూరగాయలతో, ఆ తర్వాత చీజ్, చివర స్వీటు.

ఈ పద్ధతి నిలబడటానికి వంటలోనే కారణం ఉంది. ఫ్రెంచ్ సాస్‌లలో చాలా వాటికి వెన్న, గుడ్డు సొన, క్రీమ్ ఆధారం. అవి గోరువెచ్చగా ఉన్నంతసేపే నున్నగా ఉంటాయి. చల్లారితే గడ్డకడతాయి, మళ్లీ గట్టిగా వేడిచేస్తే విరిగి నూనె తేలుతుంది. మన మటన్ కూర రెండోపూటకు ఇంకా రుచిస్తుంది, ఆ సాస్ పది నిమిషాలు ఆగితే పాడవుతుంది. అందుకే అన్నీ తెచ్చి మధ్యలో పెట్టమంటే వంటగది ఇబ్బంది పడుతుంది. పంచుకుని తినాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ మాట ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెబితే తొలి వంటకాలు మధ్యలో పెట్టి, అసలు వంటకాన్ని రెండు ప్లేట్లలో సగం సగం సర్ది ఇస్తారు.

మెనూలో మోసపోయే మాట ఒకటుంది: ‘అంట్రే’. ఫ్రాన్స్‌లో ఇది మొదట వచ్చే చిన్న వంటకం, అమెరికాలో అదే మాట అసలు వంటకానికి వాడతారు. మన దగ్గర రెండు అర్థాలూ చెలామణిలో ఉన్నాయి కాబట్టి పరిమాణం ఎంతో అడిగి తెలుసుకోవాలి. ‘ఆ లా కార్ట్’ అంటే ఏ వంటకం ధర దానిదే. ‘ప్రి ఫిక్స్’ అంటే మూడు, నాలుగు వంటకాలకు కలిపి ఒకే ధర. మొదటిసారి వెళ్లేవారికి రెండోదే నయం. ఏది తర్వాత ఏది అన్న బాధ ఉండదు, ఖర్చు ముందే తెలుస్తుంది. సూఫ్లే కావాలంటే అసలు వంటకంతో పాటే చెప్పాలి. గుడ్డు తెల్లసొన గిలకొట్టి అప్పటికప్పుడు ఓవెన్‌లో పొంగించే ఆ స్వీటుకు ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది, బయటికి తీసిన కొద్ది నిమిషాల్లోనే కుంగిపోతుంది.

మాంసం ఎంత కాలాలి అన్న ప్రశ్న దగ్గర ఇంకో ఇబ్బంది. ‘సెన్యాఁ’ అంటే లోపల ఎర్రగా, ‘ఆ ప్వాఁ’ అంటే మధ్య భాగం గులాబి రంగులో, ‘బియాఁ క్వీ’ అంటే పూర్తిగా కాలినది. ఎర్రగా కారేది రక్తం కాదు, కండరంలో ఉండే మయోగ్లోబిన్ కలిసిన నీరు. అయినా మెత్తగా ఉడికిన తునకలకు అలవాటైన నాలుకకు అది నచ్చకపోవచ్చు. అలాంటప్పుడు పూర్తిగా కాల్చిన స్టేక్ అడిగి గట్టిపడిన మాంసం నమలడం కంటే, గంటల తరబడి వైన్‌లో ఉడికించిన కోడి లేదా మేక మాంసం వంటకం ఎంచుకోవడం మంచిది. వండే తీరు మన ఇగురుకు దగ్గర.

పోచంపల్లి చీర, షాబ్లీ సీసా

వైన్ పుస్తకం అర్థం కాకపోవడానికి ముఖ్య కారణం, ఫ్రెంచ్ సీసాల మీద ద్రాక్ష రకం పేరు చాలాసార్లు ఉండదు, ఊరి పేరు ఉంటుంది. దక్షిణ తెలంగాణ వారికి ఇది కొత్త సంగతేం కాదు. పోచంపల్లి అంటే నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దిన ఇకత్ అని, గద్వాల అంటే నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు అని, నారాయణపేట అంటే ఆ గళ్లు, ఆ అంచు అని పేరు వింటేనే తెలుస్తుంది. ఈ మూడింటికీ జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుంది. ఫ్రాన్స్ 1935 నుంచి వైన్లకు చేస్తున్నది ఇలాంటిదే. అయితే అక్కడి నిబంధనలు ఇంకా లోతుగా వెళ్తాయి: ఏ పొలంలో, ఏ రకం ద్రాక్ష, ఎకరానికి ఎంత దిగుబడి దాటకూడదు అన్నదాకా రాసి ఉంటుంది.

కాబట్టి షాబ్లీ అని ఉంటే అందులో షార్డొనే ద్రాక్ష తప్ప వేరేది ఉండదు. బుర్గుండీ రెడ్ అంటే ఇంచుమించు ఎప్పుడూ పినో న్వార్. బోర్డో రెడ్ అంటే కాబెర్నే సావిన్యోఁ, మెర్లో వంటివి కలిపినది. షాంపేన్ అనే పేరు ఆ ప్రాంతంలో తయారైన బుడగల వైన్‌కే చెల్లుతుంది, మిగతావి స్పార్క్లింగ్ వైన్లు. నాసిక్, నంది హిల్స్ ప్రాంతాల భారతీయ వైన్ల మీద ద్రాక్ష పేరే రాస్తారు, చదవడం సులువు.

ధరలో తేడాకు రుచి ఒక్కటే కారణం కాదు. దిగుమతి వైన్ మీద చాలా ఏళ్లపాటు 150 శాతం కస్టమ్స్ సుంకం నడిచింది. దాని మీద రాష్ట్ర పన్ను, ఆపైన రెస్టారెంట్ లాభం. పారిస్‌లో మామూలు దుకాణపు సీసా ఇక్కడ టేబుల్ మీదికి వచ్చేసరికి విలాసవస్తువు అవుతుంది. తక్కువ బడ్జెట్‌లో ఫ్రెంచ్ లేబుల్ కోసం పట్టుబట్టేకంటే మంచి భారతీయ సీసా తీసుకోవడమే తెలివైన పని.

తొలి గుక్క ఎందుకు ఇస్తారు

సీసా ఆర్డర్ చేసిన వ్యక్తికి ముందు లేబుల్ చూపిస్తారు. పేరు, సంవత్సరం పుస్తకంలో ఉన్నవేనా అని అప్పుడే చూడాలి, మూత తీశాక చెబితే వాదన అవుతుంది. తర్వాత గ్లాసులో రెండు చెంచాలంత పోసి ఆగుతారు. ‘నచ్చిందా’ అని అడగడం కాదు ఇది. సీసా చెడిపోలేదని ఖాయం చేసుకోవడానికి చేసే పరీక్ష. గ్లాసు కాడ పట్టుకుని ఒకసారి తిప్పి వాసన చూస్తే చాలావరకు సరిపోతుంది.

చెడిపోయిన సీసా ఎలా ఉంటుంది? బెరడు బిరడాలో పుట్టే టీసీఏ అనే పదార్థం చేరితే తడిసిన అట్టపెట్టె, తడి గోనెసంచి వాసన వస్తుంది. ఆరోగ్యానికి హాని లేదు గానీ పండు వాసన పూర్తిగా చచ్చిపోతుంది. గాలి తగిలిన వైట్ వైన్ గోధుమరంగుకు తిరిగి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వేస్తుంది. వెనిగర్ ఘాటు ఉంటే పులిసిందని లెక్క. బిరడా సీసా మూతిపైకి ఉబికి ఉంటే ఎండలో ఉడికినట్టు అనుమానించాలి. వీటిలో ఏది కనిపించినా వెనక్కి పంపవచ్చు, పరువున్న రెస్టారెంట్ మరో సీసా తెస్తుంది. అడుగున గాజు పెంకుల్లా మెరిసే స్ఫటికాలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం చల్లదనానికి అలా పేరుకుంటుంది. స్క్రూ మూత ఉందంటే చవక సరుకని అనుకోవడమూ పొరపాటే, ఆ సీసాల్లో బిరడా వాసన బెడద దాదాపు ఉండదు.

గ్లాసులో మూడోవంతు మాత్రమే పోయడం పిసినారితనం కాదు. పైన ఖాళీ ఉంటేనే వాసన పేరుకుంటుంది. నింపితే తిప్పడానికి వీలుండదు, చేతి వేడికి చివరి సగం వేడెక్కుతుంది.

‘గది ఉష్ణోగ్రత’ అంటే ఏ గది?

రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలని పాత పుస్తకాలు చెబుతాయి. అది ఫ్యాన్లు, ఏసీలు లేని చలిదేశపు రాతి ఇంటి గది, 16 నుంచి 18 డిగ్రీలు. నల్లగొండలో మేలో పగలు 44 డిగ్రీలు తగలడం మామూలు, ఏసీ గది కూడా 24 దగ్గర ఉంటుంది. ఆ వేడికి ఆల్కహాల్ ఆవిరై ముక్కుకు గుచ్చుతుంది, వైన్ బరువుగా తోస్తుంది. రెడ్ సీసానైనా పది, పదిహేను నిమిషాలు ఐసు బకెట్‌లో పెట్టమని అడగవచ్చు. బకెట్‌లో ఐసుతో పాటు నీళ్లూ ఉండాలి. ఐసు గడ్డలు సీసాను అక్కడక్కడే తాకుతాయి, నీళ్లు చుట్టూ తాకి వేడిని త్వరగా లాగేస్తాయి. వైట్ వైన్‌కు 8 నుంచి 12, బుడగల వైన్‌కు 6 నుంచి 8 డిగ్రీలు చాలు. మరీ చల్లబరిస్తే వాసన మూసుకుపోతుంది. గ్లాసులోనే ఐసు వేస్తే పలచబడుతుంది.

ఇదే కారణంగా, బహుమతిగా కొన్న సీసాను ఎండాకాలం కారులో వదిలి షాపింగ్‌కు వెళ్లకూడదు. ఒక్క మధ్యాహ్నం చాలు, పాడవడానికి.

కారం, పులుపు, వగరు

జత కుదర్చడం అనేది అసలు విషయం. దాన్ని నియమాల పట్టికలా బట్టీ పట్టనక్కర్లేదు, నాలుక మీద ఏం జరుగుతుందో తెలిస్తే చాలు.

రెడ్ వైన్‌లో ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్లు ఉంటాయి. నేరేడు పండు తిన్నాక, లేదా చాయ్ మరీ మరిగాక నాలుక పట్టేసినట్టు అనిపించే వగరు అదే. టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లకు అతుక్కుని నోటిని ఎండబెడతాయి. కొవ్వు, ప్రోటీన్ ఉన్న మాంసమో చీజో నోట్లో ఉంటే ఆ వగరు వాటి మీదికి మళ్లి మెత్తబడుతుంది. వేట మాంసానికి రెడ్ అనేది ఇలా వచ్చింది. చేపతో కథ అడ్డం తిరుగుతుంది. రెడ్ వైన్‌లోని ఇనుము చేప కొవ్వుతో కలిసినప్పుడు నీచు వాసన ఒక్కసారిగా పెరుగుతుంది.

కారం దగ్గరే మనవారు ఎక్కువగా దెబ్బతింటారు. మిరపలోని క్యాప్సైసిన్ నోటిలోని వేడిని పసిగట్టే నాడులను తట్టిలేపుతుంది. ఆల్కహాల్ కూడా అదే నాడులను రెచ్చగొడుతుంది. రెండూ కలిస్తే మంట రెట్టింపైనట్టు ఉంటుంది, టానిన్ తోడైతే చేదు కూడా. వంటకం చప్పగా ఉందని చిల్లీ ఫ్లేక్స్ తెప్పించుకుని చల్లితే పక్కనున్న 14 శాతం రెడ్ తాగలేనిదవుతుంది. ఇంట్లో బగారా అన్నం, మటన్ కూరతో ఖరీదైన బోర్డో తెరిచి నిరాశపడటానికీ కారణం ఇదే. కారం తప్పదనుకుంటే ఆల్కహాల్ తక్కువగా, కొద్దిగా తీపిగా, చల్లగా ఉండేది తీసుకోవాలి. కొంచెం తీపి మిగిల్చిన రీస్లింగ్, భారతీయ షెనాఁ బ్లాంక్ లాంటివి నిలబడతాయి.

పులుపు సంగతి వేరు. పచ్చిపులుసు తిన్న నోటికి కాస్త పుల్లటి మామిడి కూడా తీయగానే ఉంటుంది. అలాగే నిమ్మ, వెనిగర్ కలిపిన సలాడ్ తింటూ మెత్తటి వైన్ తాగితే నీళ్లలా చప్పబడుతుంది. సావిన్యోఁ బ్లాంక్ వంటి పులుపెక్కువ వైట్ అయితే తట్టుకుంటుంది. తీపికీ ఇదే సూత్రం. జిలేబి తిని చాయ్ తాగితే అందులో చక్కెర వేయలేదేమో అనిపిస్తుంది. స్వీటు కంటే వైన్ తీపిగా లేకపోతే పుల్లబడుతుంది. అందుకే బోర్డో ప్రాంతపు సోటెర్న్ వంటి తీపి వైన్లను చివర చిన్న గ్లాసులో ఇస్తారు.

టేబుల్ దగ్గర నలుగురు నాలుగు రకాలు తింటుంటే ఒక్క సీసా అందరికీ కుదరదు. వగరు తక్కువైన పినో న్వార్ కాస్త రాజీ కుదురుస్తుంది. లేదంటే ఎవరికి కావలసినది వారు గ్లాసు లెక్కన తీసుకోవాలి. అప్పుడు ‘ఈ సీసా ఎప్పుడు తెరిచారు’ అని అడగాలి. రెడ్ అయినా మూడు రోజులు దాటితే వద్దు.

శాకాహారులకు, మద్యం ముట్టనివారికి

వేడుక అంటే తాతమ్మ నుంచి పిల్లల దాకా వస్తారు. కార్తీకం, శ్రావణం పాటించేవారూ ఉంటారు. ఫ్రెంచ్ వంటలో పేరులో కనిపించని మాంసం ఉంటుంది. ఉల్లిపాయ సూప్‌కు సంప్రదాయంగా ఎముకల రసమే ఆధారం. గుడ్డు, క్రీమ్‌తో చేసే కీష్ లొరెన్‌లో బేకన్, అంటే పంది మాంసం ఉంటుంది. వణికే మూస్, జెల్లీల్లో జెలటిన్ ఉండవచ్చు, కొన్ని చీజ్‌ల తయారీలో దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు. క్రెమ్ బ్రూలేలో గుడ్డు తప్పదు. కూరగాయలతో చేసే రాటటూయ్, ఓవెన్‌లో కాల్చే బంగాళదుంప గ్రాటాఁ లాంటివి సాధారణంగా క్షేమం, అయినా ఏ రసంతో వండారో అడగాలి. ‘వెజ్ కదా’ అన్న ప్రశ్న చాలదు, ‘ఎముకల స్టాక్, జెలటిన్, గుడ్డు ఉన్నాయా’ అని విడివిడిగా అడిగితేనే సరైన జవాబు వస్తుంది. టేబుల్ బుక్ చేసేటప్పుడే చెప్పడం ఇంకా మేలు.

వండితే ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుందనేది నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం పావుగంట ఉడికాక 40 శాతం, గంటకు 25 శాతం, రెండున్నర గంటలకు 5 శాతం మిగులుతుంది. మంట పెట్టి చూపించే వంటకాల్లో 75 శాతం దాకా ఉంటుంది. మతనియమంతోనో, మందులు వాడుతూనో పూర్తిగా దూరంగా ఉండేవారు సాస్ గురించి కూడా అడగాలి. తెలంగాణలో మద్యానికి కనీస వయసు 21. డిగ్రీ చదివే పిల్లలకు ‘ఒక్క గుక్క’ పోయమని సిబ్బందిని బలవంతపెట్టకూడదు.

బిల్లు చదవడం

ఇద్దరి భోజనం రూ.5,000, వైన్ రూ.4,000 అనుకుందాం. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం, భోజనం మీదే, అంటే రూ.250. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు కాబట్టి రూ.9,000 మీద లెక్కగట్టి రూ.450 వేస్తే తప్పు. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే పెద్ద హోటల్ అయితే భోజనం మీద 18 శాతం, రూ.900. ఈ తేడా మెనూ ధరల్లో కనిపించదు, ముందే అడగాలి.

సర్వీస్ చార్జి పన్ను కాదు. దాన్ని బిల్లులో తప్పనిసరి చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. 10 శాతం వేస్తే రూ.900. సేవ నచ్చితే ఇవ్వవచ్చు, వద్దంటే తీసేయాలి. ‘వాటర్?’ అన్నప్పుడు తల ఊపితే ఖరీదైన సీసా వస్తుంది, మామూలు నీళ్లని స్పష్టంగా చెప్పాలి.

వంద కిలోమీటర్ల వెనక్కి

మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, రూ.10,000 జరిమానా, లేదా రెండూ. 150 మిల్లీలీటర్ల ఒక గ్లాసు వైన్‌లో ఆల్కహాల్ 15 గ్రాములు. 70 కిలోల మగవారిలో అది ఒక్కసారిగా ఒంటికి పడితే 32 దగ్గరకు, 55 కిలోల ఆడవారిలో 50కి చేరుతుంది. శరీరం గంటకు సుమారు 15 చొప్పున తగ్గిస్తుంది, కాఫీ తాగినా, స్నానం చేసినా ఆ వేగం మారదు.

ఎనిమిదింటికి కూర్చుని పదకొండింటికి లేచే జంట ఒక సీసా సగం సగం పంచుకుందనుకుంటే, అంచనా ప్రకారం అప్పటికి ఆయనకు 35 పైన, ఆమెకు 80 దాకా ఉంటుంది. ఆమె 30 కిందికి రావాలంటే అర్ధరాత్రి రెండున్నర అవుతుంది. ఇది సగటు లెక్క, ఒక్కొక్కరి ఒంట్లో ఇంకా పైకీ కిందికీ ఉంటుంది. విజయవాడ హైవే మీదుగా నల్లగొండకో, బెంగళూరు హైవే మీదుగా పాలమూరుకో తిరిగి రావాలంటే తాగని డ్రైవర్ ఉండాలి, లేదా రాత్రికి అక్కడే గది తీసుకోవాలి. ఆ ఖర్చు సాయంత్రపు బడ్జెట్‌లో మొదటే వేసుకోవాలి. మధ్యాహ్న భోజనానికి వెళ్తే చాలాచోట్ల ప్రి ఫిక్స్ ధర తక్కువ, ఒక్క గ్లాసుతో ఆగి సాయంత్రం దాకా నగరంలో గడిపే వీలుంటుంది.

తేదీ కూడా చూసుకోవాలి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2న మద్యం పోయరు. ఎన్నికలుంటే పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలూ అంతే. పెళ్లిరోజు ఆ తేదీల్లో పడితే, విందును ఒకరోజు అటూ ఇటూ జరిపి అప్పుడే టేబుల్ బుక్ చేసుకోవాలి.